రాత్రి పూట పీనియల్ ఎంజైమ్ కొలవడం ఎలా: లైటు, మందులు, మూడు నిమిషాల గండం

"అక్కా, రాత్రి ఒంటిగంటకు తీసిన పీనియల్‌లో (మెదడులోని చిన్న గ్రంథి) కూడా ఎంజైమ్ పగటి లెక్కే చూపిస్తోంది. కెమికల్స్ పాడయ్యాయా?"

ఎమ్మెస్సీ ప్రాజెక్టు వాళ్లు, కొత్తగా పీహెచ్‌డీలో చేరినవాళ్లు నన్ను తిప్పి తిప్పి అడిగేది ఇదే. నేను చూసినంతలో కెమికల్స్ బాగానే ఉంటాయి. ఎవరో తలుపు తీసి ఉంటారు, లేదా ఎవరి జేబులోనో ఫోను వెలిగి ఉంటుంది. అడిగిన ప్రతివాళ్లకీ విడివిడిగా చెప్పే బదులు మొత్తం ఒకచోట రాస్తున్నాను.

థియరీ ఈ ఒక్క పేరాలో అయిపోతుంది. సెరోటోనిన్‌కి అసిటైల్ గుంపు తగిలించే ఎంజైమ్ ఎన్-అసిటైల్ ట్రాన్స్‌ఫరేజ్. లాబ్‌లో అందరూ నాట్ అంటారు. తర్వాత హెచ్ఐఓఎంటీ అనే రెండో ఎంజైమ్ దాన్ని మెలటోనిన్ అనే రాత్రి హార్మోన్ చేస్తుంది. ఎలుకలో నాట్ పగలు అడుగంటి ఉంటుంది, అర్ధరాత్రికి పదుల రెట్లు లేస్తుంది. ఈ సంగతిని 1970లో డేవిడ్ క్లైన్, జోన్ వెల్లర్ చూపించారు. మళ్లీ 1972లో వాళ్లే ఇంకోటి చూపించారు: రాత్రి ఎలుక మీద లైటు వేస్తే ఈ ఎంజైమ్ సుమారు 3 నిమిషాల్లో సగమైపోతుంది. కంటి నుంచి మెదడు గడియారానికి, అక్కడి నుంచి వెన్నుపాముకి, మెడలోని సుపీరియర్ సర్వైకల్ గాంగ్లియన్‌కి, చివరికి పీనియల్‌కి నరాల దారి ఉంది. చీకట్లో ఆ నరాల చివర నార్‌ఎపినెఫ్రిన్ కారుతుంది. అది బీటా రిసెప్టర్‌ని (కణం మీద ఆ రసాయనాన్ని అందుకునే చోటు) తడితే కణం లోపలి సంకేత రసాయనం సైక్లిక్ ఏఎంపీ పెరుగుతుంది, నాట్ తయారై నిలబడుతుంది. లైటు పడితే ఆ ధార ఆగుతుంది, నిలబడ్డ ఎంజైమ్‌ని కణంలోని ప్రోటియాసోమ్ నమిలేస్తుంది. బీటా రిసెప్టర్ పాత్రను 1972లోనే డెగుచి, జూలియస్ ఆక్సెల్‌రాడ్ మందులతో తేల్చారు. ఆక్సెల్‌రాడ్‌కి అప్పటికే 1970లో నోబెల్ వచ్చింది.

ఆ 3 నిమిషాలు గుర్తుపెట్టుకోండి. కింద చెప్పే ప్రతి జాగ్రత్తా దాని కోసమే.

కావలసినవి

ముందు కాగితాలు. మీ సంస్థలోని జంతు నైతిక సంఘం అనుమతి చేతికి రాకుండా ఒక్క ఎలుకను కూడా ముట్టుకోవద్దు. రాత్రి పని, జంతువుల సంఖ్య, ప్రాణం తీసే పద్ధతి, ఇచ్చే ప్రతి మందూ అందులో రాసి ఉండాలి. రేడియోధార్మిక అసిటైల్ కోఎంజైమ్-ఏ (నాట్‌కి అసిటైల్ గుంపు అందించే పదార్థం) వాడేటట్టయితే దాని లైసెన్సు వ్యవహారం వేరే. అది లేని లాబ్‌లు హెచ్‌పీఎల్‌సీ (ద్రవంలోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం) దారి పట్టడం మంచిది.

తరవాత సరుకు:

- ఒకే వయసు మగ ఎలుకలు, విస్టార్ లేదా స్ప్రేగ్-డాలీ. గ్రూపుకి 6.
- వెలుగు చొరబడని గది, బ్యాటరీ బ్యాకప్ ఉన్న డిజిటల్ టైమర్
- ఫోటో డార్క్‌రూమ్‌లో వాడే రకం మసక ఎర్ర దీపం
- ప్రొప్రనొలాల్ (బీటా రిసెప్టర్‌ని అడ్డుకునే మందు), ఐసోప్రొటెరినాల్ (దాన్ని తట్టే మందు), సెలైన్
- డ్రై ఐస్ లేదా లిక్విడ్ నైట్రోజన్, సన్నని మొన ఫోర్సెప్స్, ముందే పేర్లు రాసిన ట్యూబులు
- 0.1 మోలార్ ఫాస్ఫేట్ బఫర్, పీహెచ్ 6.8, ట్రిప్టమిన్ (పరీక్షలో సెరోటోనిన్ బదులు వాడేది), అసిటైల్ కోఎంజైమ్-ఏ
- తోడుగా ఇంకొక మనిషి. ఒంటరిగా ఈ పని చేయలేరు, చేయకండి.

ఎలుకలు దొరకక చుంచెలుకలు వాడదామనుకుంటే జాతి చూసుకోండి. అన్ని లాబ్‌లలో ఉండే సీ57 బ్లాక్ 6 చుంచెలుకకి పుట్టుకతోనే నాట్ జీన్‌లో లోపం ఉంది. రాత్రంతా మేల్కొన్నా దాని పీనియల్‌లో మీకు కొలవడానికి ఏమీ దొరకదు. సీ3హెచ్ జాతి అయితే పనికొస్తుంది.

చికెన్ షాపు నుంచి కోడి తలలు తెచ్చుకుంటే చవక కదా అని కూడా అడుగుతుంటారు. చవకే, కానీ కోడి పీనియల్‌కి సొంత గడియారం ఉంది, వెలుగును అది తనే పట్టుకుంటుంది. పైగా అక్కడ నార్‌ఎపినెఫ్రిన్ మెలటోనిన్ తయారీని పెంచదు, తగ్గిస్తుంది. ఎలుక గురించి చదివి కోడి మీద చేస్తే ఫలితం తలకిందులుగా వస్తుంది.

పద్ధతి

1. గదిని చీకటి చేయండి. పగలే లైట్లు ఆర్పి, తలుపు వేసుకుని, లోపల పావుగంట ఊరికే కూర్చోండి. కళ్లు చీకటికి అలవాటుపడ్డాక ఎలుక పంజరం ఎత్తుకి తల దించి చుట్టూ చూడండి. ఏసీ మీద అంకెలు, ఇన్వర్టర్ పచ్చ చుక్క, ఎక్స్‌టెన్షన్ బాక్సు స్విచ్చిలో ఎర్ర బుడ్డి, తలుపు కింద కారిడార్ ట్యూబ్‌లైటు గీత: అన్నీ అప్పుడు కనబడతాయి. నల్ల టేపు వేయండి, తలుపు కింద గోనెపట్టా పెట్టండి. లక్స్ మీటర్ సున్నా చూపించింది కదా అని సంబరపడొద్దు. మామూలు మీటర్లు సున్నా చూపించే వెలుగులో కూడా మీకు మీ చెయ్యి కనబడుతుంది. ఫోను యాప్‌ల సంగతి ఇక చెప్పనక్కరలేదు.

2. ఎర్ర దీపాన్ని పరీక్షించండి. టార్చికి ఎర్ర జిలటిన్ కాగితం చుట్టి పని కానిచ్చేవాళ్లు ఎక్కువ. తెల్ల ఎల్ఈడీలో నీలం బలంగా ఉంటుంది, కాగితం దాన్ని పూర్తిగా ఆపదు. పాత సీడీ ఒకటి తీసుకుని దాని మెరిసే వైపు మీద ఆ వెలుగును పడనివ్వండి. ఎరుపుతో పాటు పచ్చ, నీలం చారలు కనబడితే ఆ దీపం పక్కన పడేయండి. శుద్ధమైన ఎరుపు అయినా మసకగా, గోడవైపు తిప్పి పెట్టండి. ఎలుకకి ఎరుపు అసలు కనబడదన్నది అపోహ. తక్కువ కనబడుతుంది, అంతే.

3. ఎలుకలను అలవాటు చేయండి. ఉదయం 7కి లైటు, సాయంత్రం 7కి చీకటి, కనీసం రెండు వారాలు. ఇక్కడ కరెంటు కోతతో జాగ్రత్త. తిరిగే ముల్లు ఉన్న పాత టైమర్ కరెంటు పోయినప్పుడల్లా ఆగిపోతుంది. రోజుకి ఓ ఇరవై నిమిషాలు పోయినా వారంలో మీ "సాయంత్రం 7" రాత్రి 9 దాటిపోతుంది. మీరు ఒంటిగంట అనుకున్నది ఎలుకకి ఇంకా పొద్దుపోని వేళ. రోజూ టైమర్‌ని చేతి గడియారంతో సరిచూసి రిజిస్టర్‌లో రాయండి.

4. గ్రూపులు వేయండి. నేను సూచించేవి ఇవి:

- అ: మధ్యాహ్నం 1, ఏమీ ఇవ్వకుండా
- ఆ: రాత్రి 1, చీకటి, ఏమీ ఇవ్వకుండా
- ఇ: రాత్రి 1, చీకటి, అరగంట ముందు సెలైన్
- ఈ: రాత్రి 1, చీకటి, అరగంట ముందు ప్రొప్రనొలాల్
- ఉ: రాత్రి 12:50కి లైటు, 1కి తీయడం
- ఊ: ఉ లాగే, కానీ లైటుకి కాస్త ముందు ఐసోప్రొటెరినాల్

ఊ గ్రూపుని ఖర్చు అని వదిలేస్తుంటారు. వదలొద్దు. లైటు నరాల ధారను ఆపుతుంది. రిసెప్టర్‌ని మీరు మందుతో బయటి నుంచి తడుతుంటే ఎంజైమ్ పడిపోకుండా నిలబడాలి. నిలబడితే మీరు కొలుస్తున్నది నిజంగా ఆ దారినే అని తెలుస్తుంది.

ఆ, ఇ గ్రూపుల మధ్య తేడా ఉండకూడదు. ఉంటే సూది గుచ్చిన కంగారో, సూది గుచ్చేటప్పుడు వెలిగించిన దీపమో కారణం.

5. మందులు కలపండి. ప్రొప్రనొలాల్ మనకి హైడ్రోక్లోరైడ్ రూపంలో దొరుకుతుంది. 100 మిల్లీగ్రాముల పొడిలో అసలు మందు 88 మిల్లీగ్రాముల లోపే. మీరు అనుసరించే పేపర్‌లో డోసు ఉప్పుదా, మందుదా అని చూసి లెక్క కట్టండి. ఐసోప్రొటెరినాల్ నీళ్లలో కలిపాక గాలికి, వెలుగుకి గులాబీ రంగు తిరుగుతుంది. రంగు వచ్చిందంటే చెడింది. కొద్దిగా ఆస్కార్బిక్ ఆసిడ్ వేసి, ట్యూబుకి ఫాయిల్ చుట్టి, ఐసు మీద పెట్టి, ఆ రాత్రికి ఆ రాత్రే కలుపుకోండి. ఆస్కార్బిక్ వేస్తే సెలైన్ గ్రూపుకీ వేయాలి. డోసు ఖాయం చేసే ముందు రెండు డోసులతో చిన్న పైలట్ చేయండి. వేరే జాతి, వేరే వయసు ఎలుకల డోసుని గుడ్డిగా దించేయొద్దు.

రెసర్పిన్ ఇస్తే నరాల్లో నిల్వ ఉన్న నార్‌ఎపినెఫ్రిన్ ఖాళీ అయ్యి రాత్రి పెరుగుదలే రాదు. అది సాయంత్రానికి ముందే ఇవ్వాల్సిన మందు. సైక్లోహెక్సిమైడ్ కొత్త ప్రోటీన్ తయారీని ఆపుతుంది. అది అర్ధరాత్రి ఇస్తే నాట్ తగ్గుతుంది కానీ లైటు వేసినంత చకచకా కాదు. లైటు తయారీని ఆపడమే కాక ఉన్నదాన్ని కూడా కూల్చేస్తుందని మనకి అర్థమైంది ఆ తేడా వల్లే. మొదటి ప్రయోగంలో ఈ రెండూ పెట్టుకోకండి. సైక్లోహెక్సిమైడ్ మనుషులకి విషం, గ్లవ్స్ లేకుండా సీసా మూత తీయొద్దు.

6. పగలే సగం పని ముగించండి. బరువులు తూయడం, ఒక్కో ఎలుకకి ఎన్ని మిల్లీలీటర్లో పట్టిక రాయడం, సిరంజిలు నింపడం, తోకల మీద గుర్తులు: అన్నీ చీకటి పడకముందే. ట్యూబుల మీద ఎర్ర ఇంకుతో రాయకండి. ఎర్ర దీపం కింద ఎర్ర ఇంకు మాయమైపోతుంది. నా మొదటి రాత్రి ముప్పై ట్యూబులు ముందు పెట్టుకుని, ఒక్కటీ చదవలేక, ఏది ఎవరిదో తెలియక తెల్లమొహం వేసుకుని కూర్చున్నాను. నల్ల మార్కర్ వాడండి.

7. రాత్రి వరుస. ముప్పై ఎలుకల్ని ఒక్క రాత్రిలో లాగించాలని చూడొద్దు. ఒక్కోదానికి మూడు నిమిషాలు పట్టినా గంటన్నర అవుతుంది. ఆఖరి ఎలుక గడియారం మొదటిదానితో కలవదు. రాత్రికి ప్రతి గ్రూపు నుంచి రెండేసి, మొత్తం పది. అలా మూడు రాత్రులు. మధ్యాహ్నం గ్రూపుని ఆ మరునాళ్లలో తీయండి. ఒక గ్రూపు మొత్తం అయ్యాక ఇంకో గ్రూపు అనకుండా ఆ, ఇ, ఈ, ఉ, ఊ, మళ్లీ ఆ అని తిప్పండి. ప్రతి ఎలుకకీ తన సూది టైమూ లైటు టైమూ తనదే. వాటిని ఆ వరుసకి తగ్గట్టు మూడేసి నిమిషాలు జరపండి. లైటు గ్రూపులకి వేరే గది కావాలి, పంజరాన్ని వెలుగు చొరని పెట్టెలో పెట్టి మోసుకెళ్లండి.

8. గ్రంథిని తీయండి. ప్రాణం తీసే పద్ధతి సంఘం ఒప్పుకున్నదే, అన్ని గ్రూపులకీ ఒకటే, క్షణాల్లో ముగిసేదే కావాలి. తల వేరైన తర్వాత కంటి నుంచి పీనియల్‌కి దారి లేదు కాబట్టి పక్క గదిలో మంచి వెలుతురులో కోయవచ్చు. పెద్ద ఎలుకలో పీనియల్ తనంతట తాను వెలుగును పట్టుకోదు. అయితే బతికున్న ఎలుకలున్న గదిలోకి ఆ వెలుతురు రాకూడదు. రెండు గదుల మధ్య రెండు నల్ల తెరలు కట్టండి, ఒకటి దాటి మూశాకే రెండోది తీయాలి.

కొత్తవాళ్లు ఇక్కడే గ్రంథిని పోగొట్టుకుంటారు. పుర్రె పైకప్పుని వెనక నుంచి ముందుకి ఎత్తినప్పుడు చాలాసార్లు పీనియల్ మెదడు మీద ఉండదు. ఎముక లోపలి వైపు, పెద్ద సిరలు కలిసే చోట, పొరకి అంటుకుని పైకి వచ్చేస్తుంది. ఆవగింజంత, లేత గులాబీ రంగు, బరువు మిల్లీగ్రాము అటూ ఇటూ. "ఈ ఎలుకకి పీనియల్ లేదు" అని రాసేముందు చెత్తబుట్టలో వేసిన ఎముక ముక్కని తిరగేసి చూడండి. రక్తపు గడ్డ కూడా అచ్చం అలాగే ఉంటుంది, ఫోర్సెప్స్‌తో తాకితే గడ్డ చితికిపోతుంది, గ్రంథి జారుతుంది. పగటి ఎలుకల మీద కనీసం ఐదారు సార్లు చేయి తిరగనివ్వండి.

తల తీసినప్పటి నుంచి గ్రంథి డ్రై ఐస్ మీద పడేవరకు ఒక నిమిషం దాటకూడదు. లైటు భయం పోయినా ఒంటి వేడి పోలేదు. వేడిగా ఉన్నంతసేపు ఎంజైమ్ కరుగుతూనే ఉంటుంది. రెండో మనిషి గడియారం పట్టుకుని ప్రతి ఎలుకకీ సెకన్లు రాయాలి.

9. ఎంజైమ్‌ని కొలవండి. ఒక్కో గ్రంథిని ఐసు మీద 100 మైక్రోలీటర్ల చల్లని బఫర్‌లో సోనికేట్ చేయండి (ధ్వని తరంగాలతో నలగ్గొట్టడం). మూడు నాలుగు సెకన్ల చొప్పున, మధ్యలో ఆపి. నురగ వచ్చిందంటే వేడెక్కింది. ఆ ద్రవాన్ని మళ్లీ ఫ్రీజ్ చేసి రేపు చూద్దాం అనుకోవద్దు, నలిగిన గ్రంథిలో నాట్ నిలవదు. వెంటనే ట్రిప్టమిన్, అసిటైల్ కోఎంజైమ్-ఏ కలిపి 37 డిగ్రీల దగ్గర పెట్టండి. అసిటైల్ కోఎంజైమ్-ఏ ఈ ఎంజైమ్‌కి కొంత రక్షణ కూడా ఇస్తుంది, కాబట్టి అది లేకుండా గ్రంథి ద్రవాన్ని ఒంటరిగా వేడి చేయకండి. సెరోటోనిన్ బదులు ట్రిప్టమిన్ ఎందుకంటే గ్రంథిలో సెరోటోనిన్ ముందే బోలెడు ఉంది. పైగా ట్రిప్టమిన్ నుంచి వచ్చే అసిటైల్ ట్రిప్టమిన్ క్లోరోఫామ్‌లోకి సులువుగా వస్తుంది.

రేడియోధార్మిక పద్ధతిలో క్లోరోఫామ్‌తో లాగి, కడిగి, ఆరబెట్టి, కౌంటర్‌లో లెక్కపెడతారు. హెచ్‌పీఎల్‌సీలో ఆసిడ్‌తో ఆపి, తేటని ఎక్కించి, ఫ్లోరెసెన్స్ డిటెక్టర్‌తో చూస్తారు (ఇండోల్‌లకి ఉత్తేజం 280, ఉద్గారం 350 నానోమీటర్ల దగ్గర). గ్రంథి లేని ఖాళీ, ట్రిప్టమిన్ లేని ఖాళీ: రెండు బ్లాంకులూ ప్రతి రోజూ పెట్టాలి.

10. లెక్క రాయండి. గంటకి గ్రంథికి ఎంత అని చెప్పండి. మిల్లీగ్రాము ప్రోటీన్‌కి ఎంత అని కడితే గ్రంథికి అంటుకొచ్చిన రక్తం లెక్కను ముంచుతుంది. పగలూ రాత్రీ మధ్య పదుల రెట్ల తేడా ఉంటుంది కాబట్టి లాగరిథమ్ తీశాకే గ్రూపుల్ని పోల్చండి.

రాత్రి నిలబడే ఓపిక లేనివాళ్లకి

పగలు ఎలుకకి ఐసోప్రొటెరినాల్ ఇస్తే రెండు మూడు గంటల్లో నాట్ లేస్తుంది. లేదా పగలే పీనియల్ తీసి, ఆక్సిజన్ పట్టిన మీడియంలో పెంచి, నార్‌ఎపినెఫ్రిన్ చుక్క వేసి అదే పెరుగుదల చూడవచ్చు. మందుల మీద ప్రశ్నకి ఇది చాలు. లైటు మీద ప్రశ్నకి మాత్రం రాత్రి మేలుకోక తప్పదు.

ఎక్కువగా జరిగే తప్పులు

వేళ తప్పడం అన్నిటికన్నా పెద్దది. లైటు ఆర్పగానే నాట్ లేచిపోతుందని అనుకుంటారు. ఎలుకలో ముందు జీన్ నుంచి ఆర్‌ఎన్‌ఏ రావాలి, దాన్నుంచి ప్రోటీన్ రావాలి. గంటలు పడుతుంది. రాత్రి 8కి ప్రొప్రనొలాల్ ఇచ్చి 9కి తీసి "మందు పనిచేయలేదు" అని రాసిన రిపోర్టు చూశాను. తగ్గడానికి అక్కడ ఏముందని? గొర్రెలో, కోతి జాతిలో సంగతి వేరు. వాటి ఆర్‌ఎన్‌ఏ పగలు కూడా నిలవే ఉంటుంది, చీకటి పడితే ఎంజైమ్ త్వరగా లేస్తుంది. అందుకని గొర్రె పేపరు చదివి ఎలుకకి టైము పెట్టకండి.

రెండోది, "కాసేపే కదా లైటు పడింది, మళ్లీ చీకటి చేశాం" అనడం. ప్రాగ్‌లో హెలెనా ఇల్నెరోవా, ఆమె సహచరులు ఒక్క నిమిషం లైటుతో చూశారు. అర్ధరాత్రికి ముందు వేస్తే పడిపోయిన నాట్ చీకట్లో ఆలస్యంగా మళ్లీ లేస్తుంది. అర్ధరాత్రి దాటాక వేస్తే ఆ రాత్రికి ఇక లేవదు. కాబట్టి 12:30కి ఎవరైనా తలుపు తీస్తే ఆ రాత్రి ఎలుకల్ని లెక్కలోకి తీసుకోకండి.

నా రాత్రుల్లో ఒకటి అలాగే పోయింది. కంట్రోల్ ఎలుకల్లో సగానికి విలువలు పాతాళంలో ఉన్నాయి, సగానికి మామూలుగా ఉన్నాయి. మందు కాదు, కెమికల్ కాదు. వారం తలబద్దలుకొట్టుకున్నాక తెలిసింది: వాచ్‌మన్ తాత రాత్రి రౌండ్‌లో యానిమల్ హౌస్ తలుపు తోసి, టార్చి వేసి, "ఎవరమ్మా లోపల?" అని ఒకసారి చూసి వెళ్లాడు. ఆయన పని ఆయన చేశాడు, చెప్పకపోవడం నా తప్పు. టార్చి తగిలిన అరల్లో ఉన్నవే ఆ సగం ఎలుకలు.

ఫలితం నమ్మవచ్చా? ఇలా చూడండి

అ, ఆ గ్రూపుల నిష్పత్తి ముందు చూడండి. రాత్రి విలువ పగటికి పది రెట్లు కూడా లేకపోతే నేనైతే మందుల గ్రూపుల వైపు చూడను. వెనక్కి వెళ్లి 1, 3 అంచెలు మళ్లీ తనిఖీ చేస్తాను.

ఉ గ్రూపుది చిన్న కూడిక. సగం కావడానికి 3 నిమిషాలైతే 10 నిమిషాల్లో మూడు సగాలు దాటాలి, అంటే "ఆ" అనే గ్రూపు విలువలో పదోవంతు దరిదాపుల్లోకి రావాలి. సగం దగ్గరే ఆగితే లైటు ఎలుక కంట్లో సరిగా పడలేదు. పంజరం మూలలో ముడుచుకుని పడుకుందేమో, పైన ఇంకో పంజరం నీడ ఉందేమో చూడండి.

అన్ని గ్రూపుల్లోనూ విలువలు తక్కువగా వస్తే అదే గ్రంథి ద్రవంలో హెచ్ఐఓఎంటీని కూడా కొలవండి. అది రాత్రికి రాత్రే ఊగే ఎంజైమ్ కాదు. నాట్ పడి హెచ్ఐఓఎంటీ బాగుంటే కథ లైటుదో మందుదో. రెండూ పడితే మీ ఫ్రీజరో, సోనికేటరో.

ఎంజైమ్ పరీక్షలో 10 నిమిషాలకి వచ్చినదానికి 20 నిమిషాలకి రెట్టింపు రావాలి, సగం ద్రవానికి సగం రావాలి. రాకపోతే ట్రిప్టమిన్ చాలట్లేదు, లేదా మధ్యలో ఎంజైమ్ చస్తోంది.

ఇంకో ప్రశ్న కూడా తరచూ వస్తుంది: "అమ్మ బీపీకి బీటా బ్లాకర్ వేసుకుంటుంది, ఆమె మెలటోనిన్ కూడా ఇలాగే పడిపోతుందా?" ప్రొప్రనొలాల్, అటెనొలాల్ లాంటివి మనుషుల్లో రాత్రి మెలటోనిన్‌ని తగ్గిస్తాయి, నిజమే. 1980లో ఆల్ఫ్రెడ్ లూయీ బృందం చూపినట్టు బలమైన వెలుగు (వాళ్లు వాడినది 2500 లక్స్) కూడా తగ్గిస్తుంది. నిద్ర పట్టడం లేదంటే మందు రాసిన డాక్టర్‌కి చెప్పించండి. మాత్ర మాత్రం తనంతట తాను ఆపనివ్వకండి, బీటా బ్లాకర్ ఉన్నట్టుండి ఆపితే గుండెకి ప్రమాదం.

ఇక ఈ రాత్రికి వెళ్లేముందు తలుపు బయట ఒక కాగితం అంటించండి: "లోపల చీకటి ప్రయోగం. తెల్లారేదాకా తలుపు తీయొద్దు, టార్చి వేయొద్దు." తెలుగులో పెద్ద అక్షరాలతో రాయండి, కింద మీ ఫోను నంబరు వేయండి. ఆ ఫోనుని మాత్రం బయట, వాచ్‌మన్ తాత బల్ల మీద పెట్టి లోపలికి వెళ్లండి.